చౌక చీర వెల ఎవరు చెల్లింతురు?

ధ్యానభాగము: అపొస్తలుల కార్యములు 9:36–43



యొప్పేలో దొర్కా చనిపోయినప్పుడు ఆమె మంచితనమును గూర్చి ఎవరును పెద్ద మాటలు చెప్పినట్లు లూకా వ్రాయలేదు. విధవరాండ్రు పేతురు చుట్టు నిలిచి ఏడ్చుచు, ఆమె తమకొరకు కుట్టిన బట్టలను ఎత్తి చూపిరి. అదే వారి సాక్ష్యము. ఆ బట్టకు నూలు వడికినదెవరో, దానిని నేసినవాడెవరో, ఆ నేతగానికి కూలి ముట్టినదో లేదో అక్కడ చెప్పబడలేదు. పదునెనిమిది సంవత్సరములుగా నేను ఈ భాగము మీద క్రిస్మసుకు ముందు ప్రసంగించుచు వచ్చితిని గాని ఆ ప్రశ్న నాకెన్నడును తోచలేదు. 2025 నవంబరులో చీరాల బజారులో ఒక కొట్టు అరుగు మీద కూర్చున్నప్పుడు తోచినది.

జరిగిన సంగతి ఇది. మన సంఘములో విధవరాండ్రు 31 మంది ఉన్నారు. వారికి క్రిస్మసు చీరల నిమిత్తము కోతకాలపు కానుకలలోనుండి తీసి ఉంచిన సొమ్ము 14,000 రూపాయలు. పూర్వము ఏటేట ఎవరో ఒకరు పెద్ద పట్టణమునకు పోయి, పెద్ద దుకాణములో ఒక మూట మిల్లు చీరలు తెచ్చెడివారు. ఆ సంవత్సరము నేను, మన కోశాధికారియు, ఒక సంఘపెద్దయు కలిసి పల్లెవెలుగు బస్సెక్కి చీరాలకు పోతిమి. దగ్గర ఊరు, దగ్గర బజారు, మన చుట్టుపక్కలవారి చేతిపని. అక్కడనే కొనుట మంచిదని పెద్దగారి ఆలోచన. ఆయన మాటను నేను సంతోషముగా ఒప్పుకొంటిని. మంచి ఆలోచనకు ఖర్చు ఎంత అగునో అప్పటికి మాలో ఎవరమును లెక్క వేయలేదు.

బస్సులో మగవారమైన మాకు ముగ్గురికి టిక్కెట్లు, మిగిలిన స్త్రీలందరికి డబ్బు లేని టిక్కెట్లు. ఆగస్టు 15, 2025 నుండి ఆంధ్రదేశములో స్త్రీలకు ఈ బస్సులలో ఛార్జీ లేదు గదా. కూలికి పోవు తల్లులు, కూరల బుట్టలవారు, ఆసుపత్రికి పోవు ముసలమ్మలు నిండుగా ఉన్నారు. చూడ సంతోషమైనది. అయితే మన సంఘములోనే ఆటో నడుపు సహోదరులు ముగ్గురున్నారు. వారిలో ఒకడు ఆ నెలలోనే ప్రార్థన కోరుచు, బండి వాయిదా కట్టలేకపోవుచున్నానని చెప్పియుండెను. ఒకరికి సులువైన చోట మరియొకరికి బరువగుచున్నది. ఆ దినమంతయు నాకు ఎదురైన సంగతి ఇదే గనుక దీనిని ముందుగా చెప్పితిని.

చీరాల, పేరాల, వేటపాలెము, ఈపూరుపాలెము – ఈ ఊళ్లన్నియు మగ్గము మీద బ్రతికిన ఊళ్లు. ఒకప్పుడు ఇక్కడ నేసిన తేలియా రుమాళ్లు ఓడలెక్కి అరబ్బు దేశములకు పోయెడివి. ఇప్పుడు కుప్పడము చీరలకు పేరు. కాని బజారులో అద్దాల దుకాణములలో వ్రేలాడునవన్నియు మగ్గము బట్టలే అనుకొనకుడి. కొన్ని రకముల బట్టలు చేతిమగ్గము మీదనే నేయవలెనని 1985లో చట్టము చేయబడినది. మొదట 22 రకములుండగా ఇప్పుడు 11 మిగిలినవి. అయినను మరమగ్గము చీరకు చేనేత పేరు పెట్టి అమ్మువారు లేకపోలేదు. అందుచేత పెద్దగారు మమ్మును ఒక ప్రక్క వీధిలోనికి తీసికొనిపోయెను. అక్కడ నేసినవాడే తన ఇంటి ముందు గదిలో కొట్టు పెట్టుకొని అమ్ముచుండెను. వెనుక గదిలో గుంటమగ్గము. గుంటలో కాళ్లు దించి ఆయన కుమారుడు నేయుచుండగా ఆ చప్పుడు మా మాటల నడుమ వినబడుచుండెను.

సాదా నూలు చీర 850 రూపాయలు చెప్పెను. మన కోశాధికారి బేరములో గట్టివాడు. సంఘము సొమ్ము గనుక మరింత గట్టివాడు. రంగు బాగుగా లేదనెను. అంచు సన్నమనెను. పట్నములో 300కే చీర వచ్చుచున్నదనెను. అరగంటకు ఆ మనుష్యుడు 700కు దిగెను. ఆ వారము కొట్టులో బేరమే లేదనియు, నూలు బాకీ తీర్చవలెననియు చెప్పుచునే దిగెను. నేను మాటలాడలేదు. మాటలాడకపోవుటయే గాక, లోలోపల 14,000కు 20 చీరలు వచ్చునని లెక్క కట్టి సంతోషించితిని. కొనువాడు సరుకును తీసివేసి మాటలాడి, ఇంటికి పోవు త్రోవలో తన లాభమును గూర్చి అతిశయపడునని సామెతల గ్రంథము 20వ అధ్యాయములో ఉన్నది. జ్ఞాని ఆ మాట బజారులో నిలిచి చూచి వ్రాసినట్లున్నది. మేము ఇంటికి పోవువరకు కూడ ఆగలేదు.

చీరలు మడత పెట్టుచుండగా ఊరకుండలేక అడిగితిని: ఒక చీరకు ఎన్ని దినములు పట్టునని.

ఆయన భార్య కండెలు చుట్టుచు జవాబు చెప్పెను. “రెండు రోజులండీ. ఆయన, పిల్లాడు మగ్గం మీద. పడుగు, కండెలు నావి. నూలుకి, రంగుకి పోను చీరకి మూడొందలు మిగిలితే మిగిలినట్టు. నా పనికి లెక్కేం కట్టం లెండి, ఇంట్లో పనే గదా.”

మేము తగ్గించినది 150. అనగా మూడు వందలలో సగము. రెండు దినముల కష్టములో ఒక దినము కూలిని మేము ముగ్గురము అరుగు మీద కూర్చుండి, మజ్జిగ త్రాగుచు తీసివేసితిమి. ఆ మజ్జిగయు వారిదే. దీనుని కూలి ఆ దినమే ఇయ్యవలెనని ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయము. బిగబట్టిన కూలి మొఱపెట్టునని యాకోబు 5వ అధ్యాయము. ఈ వాక్యములు ఆసాములకు, వడ్డీ వ్యాపారులకు చెందినవని మనము తలంచుచుందుము. కొనువాడు కూడ ఒక గడియ కూలి ఇచ్చువాడేనని, నేతగాని కూలి నా చేతిలోనుండియే పోవలెనని నాకు అప్పుడు స్పష్టమైనది. చేనేతవారిని గూర్చి 2019–20లో జరిగిన లెక్కలలో మూడింట రెండు వంతుల నేత కుటుంబములకు నెలకు 5,000 రూపాయలైనను రావుటలేదని తేలినది. ఆ పనివారిలో నూటికి 72 మంది స్త్రీలే. కండెలు చుట్టుచున్న ఆ సహోదరి వంటివారు.

850 ఇత్తమని నేను కోశాధికారితో చెప్పితిని. ఆయన నన్ను వీధిలోనికి తీసికొనిపోయి అడిగిన ప్రశ్నను మీ యెదుట పెట్టుటకే ఈ వ్యాసము వ్రాయుచున్నాను. “అయ్యగారూ, 850 చొప్పున అయితే పదహారు చీరలు. మిగతా పదిహేను మంది ముసలోళ్లకి మీరు చెప్తారా, నేను చెప్పాలా? మిల్లు చీరలైతే ముప్పై ఒక్కరికీ 9,300తో అయిపోతాయి. ఉన్న దాంతో తలా ఒక దుప్పటి కూడా వస్తుంది. నేతగాడి కడుపు నింపడానికి విధవరాలి చేతిలో చీర లాగుతామా?”

దీనికి సులువైన జవాబు నాయొద్ద లేదు. ఈ సొమ్ము మాది కాదు; విధవరాండ్ర కొరకు దేవుని సన్నిధిలో ఉంచబడినది. దానితో మరియొకరికి ధర్మము చేయుటకు మాకు అధికారమున్నదా? ఒకవైపు అననియ, సప్పీరల కథ జ్ఞాపకము వచ్చి భయమైనది. మరియొకవైపు, ఒక బీదవాని కూలి కోసి మరియొక బీదరాలికి కానుక పెట్టుట దొర్కా చేసిన పని వంటిది కాదని తోచినది. దొర్కా తన చేతులతో తానే కుట్టినది. తన దినములను ఇచ్చినది. మేము పరుల దినములను తీసి ఇచ్చుచున్నాము. ఆ 300 రూపాయల చీర ఎక్కడనుండి వచ్చుచున్నదో, ఏ మరమగ్గము యొద్ద ఎవరు ఎన్ని గంటలు నిలువబడి చేసిరో మాకు తెలియదు. తెలియనందుననే అది మాకు చౌకగా కనబడుచున్నది. వీని భార్య కండెలు చుట్టుచు ఎదుట కూర్చున్నది గనుక మా మనస్సాక్షి గుచ్చుకొన్నది. కంటికి కనబడినవాడే నా పొరుగువాడా? ఆ ఎరికో త్రోవలో సమరయుడు చూచినవానికే సహాయము చేసెను, నిజమే. కాని కనబడనివాని ప్రక్కగా పోవుటకు అది అనుమతి అగునా?

మన పితరుల చరిత్రలో ఒక సంగతి ఉన్నది. 1876–78 కరవులో ఒంగోలు మిషనెరీ జాన్ క్లౌ దొరగారు ఆకలిగొన్నవారికి దానము పంచుటతో సరిపుచ్చక, బకింగుహాము కాలువలో మూడున్నర మైళ్ల త్రవ్వకపు పనిని తానే గుత్తకు తీసికొని వారికి పని చూపించి కూలి ఇచ్చెను. అన్నము కొరకు ఎవరును మతములోనికి రాకూడదని కరవు సహాయము జరిగినంత కాలము బాప్తిస్మము ఇయ్యలేదు. ఆ తరువాత 1878 జూలైలో గుండ్లకమ్మ యేటిలో ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఈ కథను మనము ఆ పెద్ద అంకె కొరకు చెప్పుకొనుచున్నాము. దానికి ముందున్న కూలి లెక్కల పుస్తకమును గూర్చి చెప్పుకొనుట లేదు.

ఇట్లు వీధిలో నిలిచియుండగానే నా చెప్పు వారు తెగినది. (నవ్వకుడి, నిజముగా తెగినది.) మలుపులో చెట్టు క్రింద గోనెపట్టా పరచుకొని చెప్పులు కుట్టువాడొకడు ఉండెను. ఇరువది రూపాయలు తీసికొని కుట్టుచు మా ఊరేదని అడిగెను. అతడును విశ్వాసుల కుటుంబపువాడే. కొడుకు హైదరాబాదులో మోటారు సైకిలు మీద సామానులు ఇండ్లకు చేర్చు పని చేయుచున్నాడట. “నాతోనే సరి అయ్యగారూ. ఈ పని వాడికెందుకు?” అనెను. ఆ మాటలో దుఃఖమున్నదో సంతోషమున్నదో నేను చెప్పలేను. చేనేతను నిలబెట్టవలెనని మమ్మును ఇంత దూరము తెచ్చిన మన పెద్దగారు ఆ చెట్టు యొద్దకు రాలేదు. దూరముగా నిలిచి గోడ మీద సినిమా కాగితములు చూచుచుండెను. ఆయన తాతగారు తోలు పని చేసినవారు. ఆయనను నేను తప్పు పట్టను. మా తాత కూడ అదే పని చేసెను.

ఇక్కడ మన ఆలోచనలో ఒక మెలిక ఉన్నది. పాత చేతిపనులు నిలువవలెనని చెప్పుట వినుటకు ఇంపుగా ఉన్నది. కాని మన పితరులకు తోలు పని ఇష్టమై పట్టిన పని కాదు, మెడ మీద కట్టబడినది. పశువు చచ్చిన యింటివాడు కబురు పెట్టగా పోవలసినదే. దానిని విడిచి బడికి పోయినందునే మనము ఈ పత్రిక చదువుకొనుచున్నాము. అట్లయితే నేతగాని కుమారుడు ఆ గుంటలో కూర్చుండుటకు ఇష్టపడుచున్నాడని నాకెవరు చెప్పిరి? వాని చీర అందముగా ఉన్నదని వాని పిల్లల పిల్లలు కూడ అక్కడనే కూర్చుండవలెనని కోరుటకు నాకేమి హక్కు ఉన్నది? పని నిలిచినను, ఎవడును పుట్టుకచేత దానికి కట్టబడకూడదు. ఇష్టముతో చేయువాడు దానిమీద బ్రతుకగలుగవలెను. బ్రతుకుటకు చాలని వెల ఇచ్చుచు ఆ పని చావకూడదని కోరువాడు పాత కాడినే క్రొత్త పేరుతో మోపుచున్నాడు.

దొర్కా కథ ముగిసిన వెంటనే లూకా ఏమి వ్రాసెనో చూడుడి. పేతురు ఆ పట్టణములోనే చాలా దినములుండెను, ఎవరి యింట? చర్మకారుడైన సీమోను ఇంట. చచ్చిన జంతువును ముట్టువానిని అపవిత్రుడని ధర్మశాస్త్రము చెప్పుచుండగా, అపొస్తలుడు ఆ వాసనలోనే పండుకొని లేచెను. నిషిద్ధమైనదేది, పవిత్రమైనదేది అను దర్శనము ఆయనకు ఆ మిద్దె మీదనే కలిగినది. సీమోనును ఆ పని మానుమని గాని, మానవద్దని గాని పేతురు చెప్పినట్లు లేదు. ఇంట దిగెను, అంతే. మన యెర్రగుంట్ల పేరయ్యగారు తోళ్ల వ్యాపారము మీద ఉత్తరముగా పోయినప్పుడే సువార్త విని, 1866లో బాప్తిస్మము పొందిరని మీకు తెలియును. గొడారి పని వలన సిగ్గుపడుచున్న మనకు సువార్త తోళ్ల మూట వెంబడి వచ్చినది. కుట్టువానికి ఇరువది ఇచ్చి లేచునప్పుడు, నేను కూడ అతని యొద్ద ఎక్కువ సేపు కూర్చుండలేదని గ్రహించితిని.

ఆ దినము ఏమియు కొనకనే తిరిగి వచ్చితిమి. నేతగానికి నాలుగు దినములలో చెప్పెదమని మాట ఇచ్చితిమి. ఆదివారము ఆరాధన పిమ్మట విధవరాండ్రనే అడిగితిమి. ఇన్ని సంవత్సరములలో వారిని అడుగుట అదే మొదటిసారి. ఒక తల్లి వెంటనే అనెను: “నూలు చీర ఉతికి గంజిపెట్టే ఓపిక నాకెక్కడిది నాయనా? ఆ జారుడు చీరే ఇయ్యి. ముంచి ఆరేస్తే అరగంటకి ఆరిపోద్ది.” అనేకులు ఆమె పక్షము. పొయ్యి యొద్ద పని చేయు ఒకామె, నిప్పురవ్వ పడితే అది ఒంటికి కరచుకొనునని, తనకు నూలుదే కావలెనని చెప్పెను. ఎండలో పొలమునకు పోవువారును అదే కోరిరి. లెక్క పెట్టగా నూలు చీర కోరినవారు 9 మంది, మిల్లు చీర కోరినవారు 22 మంది.

9 చీరలు 850 చొప్పున 7,650. 22 చీరలు 300 చొప్పున 6,600. మొత్తము 14,250. తక్కువైన 250 కోశాధికారియే తన జేబులోనుండి వేసెను. ఒకరికి 850, మరియొకరికి 300 ఏమిటని కొందరు సణిగిరి. ద్రాక్షతోట పనివారి ఉపమానము ప్రసంగించవలెనని తలంచితిని గాని అది ఇక్కడ సరిగా అతుకదు. వారికి కూలి సమానము, పని వేరు. వారు కోరినదే వారికి ఇచ్చితిమని మాత్రము చెప్పితిని. మిల్లు చీరలు నేసినవారు ఎవరో మాకు ఇప్పటికిని తెలియదు.

మరియొక మాట. నేతగాడు చీరలను పాత బట్టతో కుట్టిన సంచిలో పెట్టి ఇచ్చెను. 2022 జూలై 1 నుండి ప్లాస్టిక్ పళ్లెములు, గ్లాసులు దేశమంతట నిషేధింపబడినవి. క్రిస్మసు ప్రేమవిందు మరునాడు మన మందిరము వెనుకకు పోయి చూచినవారికి ఆ నిషేధము మన ఊరికి వచ్చినట్లు కనబడదు. విస్తళ్లు కుట్టు స్త్రీలు అదే బజారులో, అదే చెట్టుకు అవతల కూర్చుందురు.

దుప్పట్లు మాత్రము రాలేదు. జనవరిలో మంచు కురియుచున్న ఒక ఉదయము ప్రార్థనకు పోవుచుండగా, జారుడు చీర కోరిన ఆ తల్లియే గడప యొద్ద ముడుచుకొని కూర్చుండి నన్ను పిలిచి, “పోయినేటి దుప్పటి చిరిగిపోయింది నాయనా, ఈసారి ఇయ్యలేదేం?” అని అడిగెను. సొమ్ము చాలలేదని చెప్పితిని. ఎందుకు చాలలేదో చెప్పలేదు.