ప్రోత్సాహమూ, జోస్యమూ

పిల్లలకు ధైర్యం చెప్పటం పెద్దల ధర్మమని అందరూ ఒప్పుకుంటారు. కాని ధైర్యం చెప్పటానికి అబద్ధం ఆడవచ్చునా అనే ప్రశ్న ఎక్కువమంది వేసుకోరు. "నీవల్ల తప్పకుండా అవుతుంది" అని తండ్రి కొడుకుతో అంటాడు. అవుతుందని ఆయనకెట్లా తెలుసు? తెలియదు. తెలియని విషయాన్ని తెలిసినట్టు చెప్పటాన్ని తక్కిన సందర్భాలలో అబద్ధమనే అంటాము. ఇక్కడ మాత్రం ప్రోత్సాహమంటాము.

ఉద్దేశం మంచిదైనప్పుడు పేచీ ఏమిటని అడగవచ్చు. పేచీ ఉంది. ఆ మాట నమ్మిన పిల్లవాడు రేపు పరీక్ష తప్పితే, పోయేది పరీక్ష ఒక్కటే కాదు. తప్పకుండా అయ్యేదాన్ని కానివ్వని నేరం కూడా తన నెత్తినే వేసుకుంటాడు. నమ్మని పిల్లవాడి సంగతి మరొకటి. తన భయం చెప్పుకోవటానికి ఉన్న ఒక్క మనిషీ వినటం మానేశాడని వాడికి అర్థమవుతుంది.

అయితే నిజం చెప్పి నిరుత్సాహపరచమంటారా? ఈ రెండే దారులున్నాయనుకోవటం సరికాదు. ముందు ఆ సందేహం ఏమిటో విచారించాలి.

సందేహాలు రెండు రకాలు. "ఈ లెక్క నాకు వస్తుందా?" అనేది పనిని గురించిన సందేహం. అది జబ్బు కాదు. అది బొత్తిగా లేనివాడు ఏమీ నేర్చుకోడు. "నాబోటివాళ్ళకు ఇది తగునా?" అనేది రెండవ రకం. ఇది మనిషి తనను గురించి తాను అనుకుంటున్నట్టే కనిపిస్తుంది గాని, నిజానికి ఇతరులు తనను గురించి అన్న మాటలే లోపలినుంచి తిరిగి వినిపించటం. మొదటిదానికి మందు సాధన. రెండవదాన్ని ఎంత సాధనా పోగొట్టలేదు. మనం ఈ రెంటినీ ఒకే మూటకట్టి, "ఆత్మవిశ్వాసం లేకపోవటం" అని పేరుపెట్టి, వ్యక్తి మనస్సులోని లోపంగా చూపుతున్నాము.

కిందటి సంవత్సరం మా అమ్మాయిని హైదరాబాదులో ఇంజనీరింగు కాలేజీలో చేర్చటానికి, మిత్రుడి కారు అడిగి తీసుకుని వరంగల్లునుంచి రోడ్డుదారిన బయలుదేరాను. పదవ తరగతిదాకా తెలుగులో చదివిన పిల్ల. స్టేషన్ ఘనపూరు దాటేదాకా నోరు విప్పలేదు. తర్వాత అడిగింది:

"బాపూ, ఈ చదువు నాతోని అయితదంటవా?"

"అయితదో కాదో నాకెరుక లేదు బిడ్డా. నీకు భయం దేనికి? లెక్కలకా?"

"లెక్కలకు కాదు. ఆడ అందరు ఇంగ్లీషుల మాట్లాడుతరట. నేను నోరు తెరిస్తే నవ్వుతరు."

"తప్పకుండా అయితది" అని నేను అనివుంటే ఈ జవాబు బయటికి వచ్చేది కాదు. ఆమెకు తన శక్తిమీద అనుమానం లేదు. తనలాంటివాళ్ళకు ఆ చోటు తగునా అనే అనుమానమే ఉంది.

అప్పటికి జనగామ దగ్గరపడుతున్నది. ఆ ప్రాంతంలో ఒకప్పుడు దొర ముందు నిలబడిన మనిషి మాట మొదలుపెట్టటమే "నీ బాంచెన్" అని మొదలుపెట్టేవాడు. అనగా నీ బానిసను అని. అది వినయం కాదు, తరతరాలుగా నూరిపోసిన ఆత్మన్యూనత. ఆ మాట ఎట్లా పోయింది? ఎవరో వచ్చి ఆత్మవిశ్వాసం గురించి ఉపన్యసించటంవల్ల పోలేదు. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తాను కౌలుకు చేసుకున్న పొలంలోని పంటను విసునూరు దేశముఖు పాలు కానివ్వకుండా నిలిచినప్పుడు, సంఘం ఆమెతోపాటు ఆ పొలంలో నిలిచింది. 1946 జులై 4న కడవెండిలో దొర మనుషుల కాల్పులకు దొడ్డి కొమరయ్య బలి అయినాక కూడా జనం వెనక్కు పోలేదు. ఐలమ్మ గుండెదిటవును తగ్గించి చెప్పటం నా ఉద్దేశం కాదు. వెంట మనుషులు ఉండటంవల్ల ఆమె ధైర్యం పంటను కాపాడగలిగింది. ఊరికి ధైర్యం కాగలిగింది.

మరి కొంత దూరం పోతే భువనగిరి కొండ కనిపిస్తుంది. ఏకశిల. నిజామాబాదు జిల్లా పాకాల గ్రామంలో గిరిజన వ్యవసాయకూలీలకు పుట్టిన మాలావత్ పూర్ణ కొండలెక్కటం నేర్చుకున్నది ఈ రాతిమీదనే. తర్వాత డార్జిలింగులోనూ, లడఖ్ చలిలోనూ శిక్షణ పొందింది. 2014 మే 25న, పద్నాలుగేళ్ళు నిండకముందే ఎవరెస్టు శిఖరం చేరింది. ఆమెతోపాటు ఖమ్మం జిల్లా దళిత విద్యార్థి ఆనంద్‌కుమార్ కూడా చేరాడు. ఇద్దరూ ప్రభుత్వ సాంఘిక సంక్షేమ గురుకులాల విద్యార్థులు.

"సంకల్పం ఉంటే సాధ్యం కానిది లేదు" అనటానికి ఈ కథను వాడుకోవటం మామూలైంది. నేను మా అమ్మాయికి ఆ నీతి చెప్పలేదు. పాకాలలో అంతకుముందు సంకల్పం గల పిల్లలు పుట్టలేదా? పుట్టారు. వాళ్ళకు లేనివి తాడు, నేర్పే గురువు, కడుపునిండా తిండి, చలికి తగిన దుస్తులు, వీటికి ఖర్చుపెట్టే ప్రజల డబ్బు. కొండ ఎక్కేవాడు కట్టుకున్న తాడు రెండవ కొస మరొకరి చేతిలో ఉంటుంది. ఆ చేయి వదలదని తెలిసినప్పుడే కాలు పైకి లేస్తుంది.

అట్లాగైతే వ్యక్తి ప్రయత్నానికి విలువ లేదా అని ఆక్షేపించవచ్చు. తాడు తనంతట తాను కొండ ఎక్కదు. పూర్ణ వేసిన అడుగులు పూర్ణవే. కాని తాడు ఇవ్వకుండా కొండ చూపించి "నీవల్ల అవుతుంది, ఎక్కు" అనేవాడు ప్రోత్సహిస్తున్నాడని నేను ఒప్పుకోను. పడితే తప్పు తనది కాకుండా ముందే చూసుకుంటున్నాడు.

కనుక ప్రోత్సాహం జోస్యం కాకూడదు, హామీ కావాలి. జోస్యం నాకు తెలియని రేపటిని గురించినది. హామీ నా చేతిలో ఉన్నదాన్ని గురించినది. "అయితదో కాదో తెలియదు, ఆ బెంచీ మీద కూర్చునే హక్కు మాత్రం నీకున్నది. ఇంగ్లీషు నేర్చుకునే వస్తువు, పుట్టుకతో వచ్చే గొప్ప కాదు. ఒక సంవత్సరం తప్పితే మరో సంవత్సరం ఫీజు కడతాను, ఇంట్లో నిన్నెవరూ ఒక్క మాట అనరు" అని చెప్పగలిగిన తండ్రి అబద్ధం ఆడనవసరం లేదు. నేను చెప్పింది ఇంతే.

అయితే మరో సంవత్సరం ఫీజు కట్టే స్తోమత ఎంతమంది తండ్రులకుంది? ఒక్కసారి తప్పితే కూలికి పోవలసిన పిల్లల సందేహం మానసిక దౌర్బల్యం కాదు, సరి అయిన లెక్క. ఆ లెక్క మారాలంటే వేళకు అందే స్కాలర్‌షిప్పులూ, తిండి దొరికే హాస్టళ్ళూ, పిల్ల నోరు తెరిస్తే నవ్వని ఉపాధ్యాయులూ కావాలి. వీటిని అడగటం మాని పిల్లలకు ధైర్యం బోధించే సమాజం, తాను మోయవలసిన బరువును వాళ్ళ గుండెలమీద పెడుతున్నది.