పక్క వాటా

2014లో కొన్న లాప్‌టాప్. మా అబ్బాయి వాడి వదిలేశాక నా రాతబల్ల మీదికి చేరింది. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు ముగిసింది. విండోస్ 11 ఇంత పాత ప్రాసెసర్‌ను అంగీకరించదు. "పాత సామాన్లవాడికి ఇచ్చెయ్యమ్మా" అన్నాడు వాడు. ఇంకా పనిచేస్తున్నదాన్ని వయసు పేరిట పక్కన పెట్టడం రిటైరైన నాకు నచ్చలేదు. లినక్స్ మింట్‌ను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకుని కూర్చున్నాను.

డిస్క్ మొత్తం తుడిచెయ్యాలా, విండోస్ పక్కన చోటు చేసుకోవాలా అని అడిగింది. తుడిచెయ్యాలనే ఉంది. కానీ ఇరవయ్యేళ్ల నా కథలు పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్లలో ఉన్నాయి. ఆ ఫాంట్లు లేనిచోట అవి తెలుగే కావు, పిచ్చి అక్షరాలు. అందుకని అన్నీ వేరే డిస్క్‌లోకి కాపీ చేసుకుని, విండోస్ వాటాను కుదించి, 40 జీబీలో లినక్స్ దించాను. ఇప్పుడు మీట నొక్కగానే ఏది కావాలో ఎంచుకోమంటుంది.

వాటాలు రెండే, కానీ సమానమా? లినక్స్‌లో కూర్చుంటే విండోస్ ఫైళ్లన్నీ కనిపిస్తాయి, తెరిచి దిద్దుకోవచ్చు. విండోస్‌లో కూర్చుంటే నా 40 జీబీ పేరులేని పెట్టె మాత్రమే. ఎన్‌టీఎఫ్‌ఎస్ పద్ధతి పూర్తి వివరాలు బయటపెట్టకపోయినా, లినక్స్ వైపువాళ్లు ఏళ్ల తరబడి శోధించి నేర్చుకున్నారు. విండోస్‌కు అటువైపు భాష నేర్చుకునే అవసరం రాలేదు. గడియారం కూడా అంతే. లినక్స్ నుంచి విండోస్‌కు వెళితే టైము అయిదున్నర గంటలు వెనక్కి పోయింది. చివరికి నేను సర్దుకోమన్నది లినక్స్‌నే.

సర్దుకుపోవడం! ఈ మాట మనకు కొత్తా? అత్తింటి రుచులూ, కోపాలూ, అలకలూ నేర్చుకోవడం కోడలి వంతు. ఆమె ఇష్టాలు తెలియకపోయినా ఆ ఇంటికి జరగని పని ఏదీ లేదు. తెలియకపోవడం నేరం కాదంటాం. కానీ తెలియకపోయినా ఏమీ నష్టపోనివాళ్లకు ఆ తెలియనితనమే అధికారం కాదా?

ఇక్కడే వాదన నా మీదికి తిరిగింది. పదకొండేళ్లుగా మా ఇంట్లో పనిచేస్తున్న ఆమెకు నా మాత్రల వేళలు తెలుసు, ఏ మౌనం కోపమో ఏది అలసటో తెలుసు. ఆమె పుట్టిన ఊరి పేరు నాకు తెలియదు. స్త్రీవాదం గురించి ఇన్ని పేజీలు రాసినదాన్ని, ఆమె విషయంలో నేను విండోస్‌నే.

వెంటనే అడిగేస్తే సరిపోతుందా? నా లినక్స్ ఫైళ్లు మా అబ్బాయి కంట పడవని మొదటిరోజు లోలోపల సంతోషించినదాన్ని నేనే. కనిపించకపోవడం ఒకోసారి అణచివేత, ఒకోసారి ఆసరా. అవతలివాళ్ల గది గురించి నేర్చుకునే శ్రమ నాది, తలుపు తియ్యాలో వద్దో తేల్చుకునే హక్కు ఆమెది. ఈ రెండూ కలిస్తేనే న్యాయమనుకుంటాను.

నిన్న అడిగాను, "మీదే ఊరు?" అని. గిన్నెలు తోముతున్న చెయ్యి ఆగింది. "ఇన్నాళ్లకు ఎందుకమ్మా?" అని నవ్వింది. నా దగ్గర జవాబు లేదు. ఆమె మాత్రం కాసేపాగి, "రేపు చెబుతాలే" అంది.