బురద ఇంట్లో నేర్చుకున్న దానం

ఈ వారం వీడియోలో దానం గురించి మాట్లాడుకున్నాం కదా. అందులో చెప్పడానికి మొహమాటపడ్డ విషయం ఒకటి ఇక్కడ రాస్తున్నా.

మాది కరీంనగర్. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. 2022 జూలైలో రోజుల తరబడి ఆగకుండా వానలు పడ్డాయి. పాత ఆదిలాబాద్ జిల్లాలోని కడెం ప్రాజెక్టుకు 5 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చింది. 18 గేట్లలో ఒకటి మొరాయించింది. డ్యాం ఉంటుందా, పోతుందా అని అందరం ఫోన్లు పట్టుకుని కూర్చున్నాం. అది నిలబడింది. కానీ దిగువన, గోదావరి దగ్గరున్న మంథనిలో ఇళ్లు మునిగాయి.

నీళ్లు తగ్గాక నలుగురు ఫ్రెండ్స్‌మి కారులో బియ్యం, దుప్పట్లు, చీరలు వేసుకుని అక్కడికి వెళ్లాం. ఒక ఇంటి ముందు ఆగాం. గోడల మీద నడుము ఎత్తున నీటి గీత. లోపల మడమలు మునిగేంత బురద. అక్కడున్న అవ్వకు చీర ఇస్తుంటే మా వాడు ఫోన్ తీశాడు. పక్కనే ఉన్న ఆమె కోడలు కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్లిపోయింది.

అవ్వ మాత్రం చీర తిరిగి నా చేతిలో పెట్టి అంది: "బట్టలు మస్తు అచ్చినయ్ బిడ్డా. గీ బురద ఎత్తేటోళ్లే లేరు."

సిగ్గుతో తల దించుకున్నా. ప్యాంట్లు మడిచి పారలు, తట్టలు అడిగి తెచ్చుకున్నాం. బురద ఎండితే గట్టిపడుతుంది, పచ్చిగా ఉన్నప్పుడే ఎత్తాలి. కరెంట్ మనిషి వచ్చి చూసేదాకా స్విచ్ ముట్టొద్దు. ఇవన్నీ ఆ వీధివాళ్లే మాకు నేర్పారు.

నేను భక్తి చూపించాలనుకుని ముందు దేవుడి గూడు కడగబోయా. అవ్వ ఆపింది. "దేవునికి తొందరేం లేదు. ముందుగాల పొరగాని సర్టిఫికెట్లు సూడు."

మనవడి టెన్త్ మెమో, పట్టాదారు పాస్‌బుక్, రేషన్ కార్డు అన్నీ ఒకే కవర్లో ముద్దయి ఉన్నాయి. చిరగకుండా మెల్లగా విడదీసి, పాత పేపర్ల మధ్య పెట్టి నీడలో ఆరబెట్టాం. నా జీవితంలో అంత శ్రద్ధగా చేసిన పూజ ఇంకోటి లేదు.

గీత 17వ అధ్యాయంలో దానం మూడు రకాలని ఉంది. తిరిగి ఏమీ ఆశించకుండా, సమయం, చోటు, మనిషిని చూసి ఇచ్చేది సాత్వికం. ఫలం కోరి ఇచ్చేది రాజసం. గౌరవం లేకుండా ఇచ్చేది తామసం. మేం మొదటి ఐదు నిమిషాల్లో చేసింది ఏది? లైకులు కూడా ఫలాపేక్షే కదా. ఒక మనిషి కష్టంలో ఉన్నప్పటి మొహాన్ని అడగకుండా ఫొటో తీయడంలో గౌరవం ఎక్కడుంది?

"ఫొటో పెడితే ఇంకో పదిమంది సాయం చేస్తారు కదా" అన్నాడు మా వాడు. అదీ నిజమే. అయితే బురద ఫొటో పెడదాం, కావాల్సిన వస్తువుల లిస్టు పెడదాం, ఖర్చు లెక్క పెడదాం. మొహాలు వద్దు.

సాయంత్రం అవ్వ పక్కింటి డాబా మీద చాయ్ పెట్టించి తెచ్చింది. "వద్దవ్వా, మీకే ఇబ్బంది" అన్నా. ఆమె మొహం చిన్నబోయింది. అప్పుడు అర్థమైంది. మేం ఇచ్చింది ఆమె తీసుకోవాలి, ఆమె ఇచ్చింది మాత్రం మేం తీసుకోం అంటే అది దానం కాదు, అహంకారం. గ్లాసు అందుకుని తాగా.

దేవుడి గూడు మరుసటి రోజు అవ్వే కడుక్కుంది.

ఈసారి వానాకాలంలో మీరు ఎక్కడికైనా సాయానికి వెళ్తే, కారు డిక్కీ తెరవకముందే ఒక్క మాట అడగండి: "అమ్మా, ముందు ఏం చెయ్యమంటారు?" వాళ్లు చెప్పింది చేయండి. చాయ్ ఇస్తే తాగి రండి.

ఓం నమః శివాయ.