భవనం బుద్ధి ఎవరి సొత్తు?

ఒక భవనంలో ఏసీ, లైట్లు, నీళ్ల పంపు, లిఫ్టు, మంటల హెచ్చరిక ఎప్పుడు ఎలా నడవాలో తేల్చే ప్రోగ్రామ్ ఎవరి సొత్తు? ఇది ఇంజనీర్లకో వకీళ్లకో వదిలేయదగిన ప్రశ్నలా కనిపిస్తుంది. నేనలా అనుకోను. ఒకరి చేతిలో ఉన్న వస్తువు మీద ఇంకెందరి బతుకో ఆధారపడి ఉన్నప్పుడు, ఆ చేతికున్నది హక్కా, బాధ్యతా అన్నది మతాలు ఎప్పటినుంచో తర్కించిన విషయం. హైదరాబాదులో ఆ తర్కానికి రెండు చిరునామాలున్నాయి. అబిడ్స్ తిలక్ రోడ్డు మీద బొగ్గులకుంటలో దేవాదాయ శాఖ కమిషనర్ కార్యాలయం, కాస్త దూరంలో నాంపల్లి హజ్ హౌస్‌లో వక్ఫ్ బోర్డు. గుడి మాన్యాల లెక్క ఒకచోట, మసీదుల, దర్గాల, ఖబ్రస్తాన్ల లెక్క మరోచోట. రెండింటి వెనకా ఉన్న ఊహ ఒకటే. ఆస్తి దేవుడిది, ఫలం జనానిది, మధ్యలో ఉన్నవాడు చూసుకునేవాడు మాత్రమే. మఠం భూమిని శాశ్వత కౌలుకిచ్చిన వ్యవహారంలో 1921లో, బ్రిటిష్ కాలపు అత్యున్నత న్యాయస్థానమైన ప్రీవీ కౌన్సిల్ ఇచ్చిన తీర్పు ఈ మాటనే చట్టంలో స్థిరపరిచింది. విద్యావారిధి తీర్థ, బాలుస్వామి అయ్యర్ల మధ్య నడిచిన ఆ కేసులో తీర్పు రాసింది అమీర్ అలీ. మఠాధిపతినీ, వక్ఫ్‌ను చూసుకునే ముతవల్లీనీ పక్కపక్కన నిలబెట్టి, ఇద్దరూ నిర్వాహకులే తప్ప ఆస్తి వాళ్లకు దఖలు పడదని తేల్చాడాయన. హిందూ మఠం తగాదాలో ఇస్లామీయ ధర్మశాస్త్ర పండితుడు చెప్పిన ఆ తీర్పుకు రావలసినంత పేరు రాలేదు.

ఆ ఊహ భవనాల ప్రోగ్రామ్‌కూ వర్తించాలన్నది నా వాదన. ముందు యంత్రం సంగతి. ఇన్నాళ్లూ పెద్ద భవనాల్లో ఒక్కో ఏసీ యంత్రం పక్కన గోడకు ఒక కంట్రోలర్ పెట్టె బిగించేవారు. గదిలో సెన్సర్ నుంచి వేడి ఎంతో దానికి తెలుస్తుంది. 24 డిగ్రీలు దాటితే చల్లనీళ్ల వాల్వ్ ఇంకొంచెం తెరువు, కరెంటు పోయి జనరేటర్ మీద నడుస్తుంటే ఫలానా అంతస్తుల ఏసీలు ఆపు, పొగ కనపడితే ఫ్యాన్లు ఆపు అన్న ఆదేశాలన్నీ ఆ పెట్టెలోనే ఉంటాయి. 1995లో వచ్చిన బ్యాక్‌నెట్ ప్రమాణం వేర్వేరు కంపెనీల పెట్టెలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే వీలు కల్పించింది. మాట కలిసింది గానీ లోపలి ఆదేశాలు మూతపడే ఉన్నాయి. వాటిని తెరవాలంటే ఆ కంపెనీ మనిషి తన ల్యాప్‌టాప్ పట్టుకుని రావాల్సిందే. వర్చువల్ కంట్రోలర్ వచ్చాక ఆ ఆదేశాలు పెట్టెలోంచి బయటపడి మామూలు సర్వర్ మీద సాఫ్ట్‌వేర్‌గా నడుస్తున్నాయి. గోడ మీద మిగిలేది వైర్లు వచ్చి కలిసే చోటు మాత్రమే. ఇలాంటి సాఫ్ట్‌వేర్లలో ఓపెన్‌పీఎల్‌సీ లాంటివీ, అమెరికా ఇంధన శాఖ ప్రయోగశాలలో పుట్టిన వోల్ట్రాన్ లాంటివీ కోడ్‌తో సహా అందరికీ అందుబాటులో ఉన్నాయి. ఆదేశం యంత్రాన్ని విడిచి బయటకు వచ్చాక, పెట్టె కొన్నాను కాబట్టి అంతా నాదే అనుకునే ధీమా ఎవరికీ మిగలదు.

ఆ ఆదేశం మరొకరి గుప్పిట్లో ఉంటే ఏమవుతుందో ఊహించుకోనక్కర్లేదు. 2021లో జర్మనీలో ఒక ఆఫీసు భవనంలోకి ఇంటర్నెట్ గుండా చొరబడినవాళ్లు అక్కడి కేఎన్ఎక్స్ అనే భవన ఆటోమేషన్ ప్రమాణపు పరికరాల్లో చాలావాటిని తుడిచేసి, తమ పాస్‌వర్డ్‌తో తాళం వేసి పోయారు. భవనం సొంతదారు మాటను సొంత లైట్లే వినలేదు. 2016లో రివాల్వ్ అనే ఇంటి ఆటోమేషన్ పెట్టె సర్వర్‌ను దాన్ని కొన్న నెస్ట్ సంస్థ ఆపేసింది; డబ్బిచ్చి కొన్నవాళ్ల ఇళ్లలో పెట్టె ఉంది, పని లేదు. మొదటిది దొంగ చేసిన పని, రెండోది దొర చేసిన పని. రెండు చోట్లా తలుపు లోపలున్నవాళ్ల చేతిలో మాత్రం ఏమీ లేదు.

కట్టినవాడు, కొన్నవాడు యజమాని కాడా అని అడగవచ్చు. ఇటుకలకు యజమానే. కానీ ఈ ఆదేశాల బరువు మోసేది ఒప్పందం మీద సంతకం పెట్టినవాళ్లు కాదు. 2023 నవంబరు 13న నాంపల్లి బజార్‌ఘాట్‌లో ఒక నివాస భవనం కింది అంతస్తులో నిల్వ చేసిన రసాయనాల డ్రమ్ములు అంటుకుని, పై అంతస్తుల్లో ఉన్న కనీసం తొమ్మిది మంది చనిపోయారు. పొగకు పైకి వెళ్లడానికి మెట్లదారే దొరికింది. సెన్సర్లుంటే వాళ్లు బతికేవారని నేననను. డ్రమ్ములు అక్కడ ఉండటమే అసలు నేరం. నేను చూపదలచింది వేరు. కింద ఒకరు తీసుకున్న నిర్ణయాన్ని పైవాళ్లు తమ ఊపిరితో చెల్లించారు. అద్దెకున్నవాడు, ఆస్పత్రిలో మంచం మీదున్నవాడు, కోర్టు వాయిదాకొచ్చి లిఫ్టెక్కినవాడు, వీళ్లెవరూ కొనుగోలుదారులు కారు. ఎవరి మేలు కోసం ఒక ఏర్పాటు నడుస్తోందో వాళ్లు బేరంలో లేనప్పుడు దాన్ని సొత్తు అనడానికి నోరు రాకూడదు. వక్ఫ్‌లోనైనా మాన్యంలోనైనా మతాలు గుర్తించింది ఈ స్థితినే.

దీనికి గట్టి ఆక్షేపణ అబిడ్స్, నాంపల్లి నుంచే వస్తుంది. దేవుడి పేరున రాసిన భూములు ఎన్ని ఎంతమంది మింగలేదు? ధర్మకర్తృత్వం కాగితం మీద గొప్పగా ఉంటుంది, ఆచరణలో అది ఎవరిదీ కాని సొమ్ము అవుతుంది కదా? నిజమే, ఈ మాటను తేలిగ్గా తోసేయలేం. కానీ ఎక్కడ చెడిందో చూడాలి. 2017 నవంబరులో ప్రభుత్వం హజ్ హౌస్‌లోని వక్ఫ్ బోర్డు రికార్డుల గదికి సీలు వేయించింది. అక్రమాలను అరికట్టడమే ఉద్దేశమని చెప్పినా, కాగితాలు చేతికందక కోర్టుల్లో ఆస్తులను కాపాడుకోలేకపోతున్నామన్న ఫిర్యాదు ఏళ్ల తరబడి వినిపించింది. కాపాడటానికని వేసిన తాళమే కాపలాదారు చేతులు కట్టేసింది. కాబట్టి అందరికీ కనబడే లెక్క, ఆ లెక్కకు జవాబుదారీ అయిన మనిషి, ఈ రెండూ కలిసి ఉంటేనే ధర్మకర్తృత్వం. కోడ్ బయటపెట్టి చేతులు దులుపుకుంటే చాలనుకునే ఓపెన్ సోర్స్ భక్తులకు ఈ మాట అంతగా రుచించదు.

కోడ్ అందరికీ తెరిచి ఉంటే దొంగకూ తెరిచి ఉన్నట్టే కదా అన్నది రెండో ఆక్షేపణ. ఫైళ్లను కుదించే ఎక్స్‌జెడ్ అనే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌లో 2024లో బయటపడ్డ ఉదంతం దీనికి రెండువైపులా సాక్ష్యం చెబుతుంది. అలసిపోయిన ఒకే ఒక్క నిర్వాహకుడి నమ్మకం ఏళ్ల తరబడి సంపాదించి, ఒకరు దానిలో దొడ్డిదారి పెట్టారు. లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందేమిటని అనుమానపడి ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు తవ్వి చూస్తే గుట్టు రట్టయింది. తవ్వనిచ్చింది తెరిచి ఉండటమే. దొడ్డిదారి పడనిచ్చింది మాత్రం చూసుకునేవాళ్లు కరువవడం.

కాకతీయుల నాటి తెలుగు శాసనాలు ఈ చూసుకోవడం గురించి చాలా వివరంగా మాట్లాడతాయి. గుడిలో అఖండదీపం పెట్టించిన దాత దీపంతో ఆగడు. నెయ్యి కోసం గొర్రెలనో ఆవులనో ఇస్తాడు, వాటిని పోషించి నెయ్యి పోయవలసిన బాధ్యత ఫలానా వారిదని రాయి మీద చెక్కించి అందరూ చూసేచోట నిలబెడతాడు. దీపం పెట్టిన పుణ్యానికీ, అది ఆరకుండా చూసే ఏర్పాటుకీ మధ్య ఆయనకు తేడా కనబడలేదు. యంత్రానికి దేవుడి గొడవ అంటగడుతున్నానని నవ్వేవాళ్లకు నా జవాబు కూడా ఇదే. బావి, చెరువు, సత్రం, దీపం అన్నీ పనిచేసే ఏర్పాట్లే. మతం వాటిని పవిత్రమన్నది జనం వాటిమీద ఆధారపడ్డారు కనుక. ఆ కోణంలో ఓపెన్ సోర్స్ కోడ్‌ను పంచే లైసెన్సులు కూడా అన్నీ ఒకటి కావు. బీఎస్‌డీ తరహావి దానం లాంటివి, పుచ్చుకున్నవాడు మళ్లీ మూత పెట్టుకోవచ్చు. 1989లో మొదటిసారి వెలువడిన జీపీఎల్ మాన్యం లాంటిది, దాన్ని మార్చి ఇతరులకిచ్చేవాడు మార్చిన కోడ్‌నూ అదే షరతు మీద ఇవ్వాలి. జనం భవనాలకు రెండోదే తగినదని నా అభిప్రాయం. గగన్ విహార్ లాంటి ప్రభుత్వ భవనానికి ఆటోమేషన్ టెండరు పిలిచే రోజున పాస్‌వర్డులు, ప్రోగ్రామ్ మూలం, అది మార్చిన ప్రతిసారీ ఎవరు ఎందుకు మార్చారో రాసిన చిట్టా, పదేళ్లపాటు దాన్ని చూసుకునే మనిషి జీతం, ఇవన్నీ ఏసీ చిల్లర్ యంత్రం ధరతో పాటే ఆ కాగితంలో ఉండాలి.