నిధి దొరికినవాడిదేనా?

సికింద్రాబాద్ ఉజ్జయినీ మహంకాళి గుడి కథ బోనాల రోజుల్లో ఇంటింటా చెప్పుకునేదే. పల్టన్‌లో డోలీ మోసే సురిటి అప్పయ్య 1813లో ఉజ్జయినికి బదిలీ అయ్యాడు. కలరా ప్రబలినప్పుడు అక్కడి అమ్మవారికి మొక్కుకుని, 1815లో తిరిగొచ్చి ఇక్కడ కట్టె విగ్రహం నిలిపాడు. ఇక్కడి బావి బాగుచేస్తుంటే మాణిక్యాలమ్మ రాతి విగ్రహం బయటపడిందని స్థలపురాణం. ఆ విగ్రహాన్ని ఎవరూ ఇంటికి పట్టుకుపోలేదు, మహంకాళి పక్కనే ప్రతిష్ఠించారు. నేల ఇచ్చినది ఎవరి సొత్తన్న ప్రశ్నకు నాకు ఇందులోనే జవాబు కనిపిస్తుంది: దొరికించుకున్నవాడు యజమాని కాడు, ధర్మకర్త. మతాలూ శాస్త్రాలూ పాళ్లలో తేడా పడ్డా ఈ మాట దగ్గర కలుస్తాయి. నిధి ఆచూకీ చెప్పినవాడికి అర్థశాస్త్రం ఆరో వంతే ఇచ్చింది. పాతరలో దొరికినదాంట్లో ఐదో వంతు సమాజానికి చెందాలని ఇస్లాం అంది. 1878 నాటి చట్టం ప్రకారం పది రూపాయలు దాటిన నిధి ఏది దొరికినా కలెక్టరుకు చెప్పాల్సిందే.

ప్రాణాలకు తెగించి వెతికినవాడికి హక్కు లేదా అని అడగవచ్చు. ఫ్రాన్స్ నుంచి వజ్రాల వర్తకుడు టావెర్నియే పాతికేళ్ల వయసులో తూర్పుదారి పట్టాడు. ఆరుసార్లు ఇటు ప్రయాణించి, కృష్ణ ఒడ్డున కొల్లూరు వజ్రాల గనులూ చూశాడు. అతను తీసుకెళ్లిన నీలి వజ్రం పద్నాలుగో లూయీ చేతికి చేరింది. దాన్ని కోసి మలిచిన రాయే నేడు వాషింగ్టన్‌లో ఉన్న 45.52 క్యారెట్ల హోప్ వజ్రం. అతని సాహసాన్ని కాదనను. కానీ ఆ గనుల్లో 60 వేలమంది పనిచేసేవారని రాసిందీ అతనే: మగవాళ్లు తవ్వితే, ఆడవాళ్లూ పిల్లలూ మట్టి మోసేవారు. కష్టమే హక్కయితే ముందు వరస వాళ్లది. వాళ్లలో ఒక్కరి పేరూ మనకు మిగల్లేదు.

రాతి విగ్రహాన్ని పదిమందికీ పంచడం తేలిక, బంగారం సంగతేమిటన్న ఆక్షేపణకు బలముంది. సర్కారు చేతికెళ్తే అదీ ఇనప్పెట్టెలో పడేదేగా అంటారు. నిజమే. 1995లో కేంద్రం 218 కోట్లకు కొన్న 173 నిజాం నగలు రిజర్వు బ్యాంకు ఖజానాలో ఉన్నాయి. 2001, 2006లలో సాలార్‌జంగ్ మ్యూజియంలో కొన్నాళ్లు చూపించి మళ్లీ తీసుకెళ్లారు. అయితే ధర్మకర్త తాళం వేసుకు కూర్చుంటే అతన్ని నిలదీయాలి గానీ, ఆస్తి దొరికినవాడిదని ఒప్పేసుకోకూడదు. ఒప్పుకుంటే గుప్తనిధుల కోసం రాత్రిపూట పాతగుళ్లలో నందుల్ని పగలగొట్టేవాళ్లను తప్పుపట్టే అర్హత మనకుండదు. కాపలా ఖర్చు ఎంతయినా కేంద్రమే భరించి, ఆ నగల్ని హైదరాబాద్‌లో శాశ్వతంగా జనం కళ్లెదుట ఉంచాలి.