మైనం కరిగిన తరువాత

బస్తర్ ప్రాంతంలోని కొండగావ్ పరిసరాలలో ఘడ్వా శిల్పులు డోక్రా బొమ్మలను పోతపోసే పద్ధతి అతి ప్రాచీనమైనది. మట్టి దిమ్మపై తేనెమైనపు తీగలు చుట్టి రూపం దిద్దుతారు. దానిపై మళ్లీ మట్టి పూసి కాలుస్తారు. మైనం కరిగిపోగా మిగిలిన ఖాళీలో ఇత్తడి ద్రవాన్ని పోస్తారు. చివరకు అచ్చును పగులగొట్టవలసిందే. అందుచేత ఏ బొమ్మకూ సరిజోడు ఉండదు. ఆదిలాబాద్ ఓజుల డోక్రా కళదీ ఇదే మార్గం.

చూపరిని దృశ్యం నడుమ నిలబెట్టే వర్చువల్ రియాలిటీ ఆ కొలిమిని దూరనగరంలోని విద్యార్థి కళ్లెదుటికి తేగలదు. ఇది విద్యకూ మేలే, విపణికీ మేలే. శ్రమను కళ్లారా చూసినవాడు బేరమాడడానికి సంకోచించవచ్చు. అయితే మట్టి అచ్చు ఒక్కసారికే పనికివస్తుంది; చిత్రించిన దృశ్యాన్ని లక్షసార్లు అమ్మవచ్చు. ఆ లక్షలో శిల్పి వాటా ఎంత?

బస్తర్ డోక్రాకు 2008లో భౌగోళిక గుర్తింపు లభించింది. అందుకు ఆధారమైన 1999 నాటి చట్టం వస్తువు పేరును కాపాడుతుంది. శిల్పి చేతి కదలికను కాపాడదు. ఈ లోటును ఒప్పందమే పూరించాలి. శిల్పికి తెలిసిన భాషలో వివరించి పొందిన సమ్మతి, ప్రతి ప్రదర్శనపై ప్రతిఫలం, ఇష్టం లేనప్పుడు దృశ్యాన్ని ఉపసంహరించుకొనే హక్కు అందులో ఉండాలి. ఇన్ని నిబంధనలు పెడితే పెట్టుబడి రాదనే వాదం లేకపోలేదు. కాని శిల్పికి బతుకుతెరువు చూపని ప్రదర్శన కళను నిలపదు; దాని జ్ఞాపకాన్ని మాత్రమే మిగులుస్తుంది.

మైనం కరగడం ఆ కళకు ధర్మం. శిల్పి కరిగిపోవడం ఏ కళకూ ధర్మం కాదు.