ఒక్క టికెట్టుకే డబ్బులుంటే

"ఇంట్లో ఇన్ని కష్టాలు పెట్టుకుని సినిమా ఏమిటమ్మా?" అంటారు పెద్దవాళ్ళు. ఆ మాట తేలిగ్గా తీసిపారెయ్యలేం. మూడు గంటలు హాల్లో కూర్చుంటే అప్పు తీరదు, జ్వరం తగ్గదు. మరి బయటికొచ్చేటప్పుడు మనసెందుకు తేలికవుతుంది?

మా పాలకుర్తికి దగ్గర్లోనే బమ్మెర. పోతన పుట్టిన ఊరని మా నమ్మకం. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో కె.వి. రెడ్డిగారు ఆయన కథను 'భక్త పోతన'గా తీశారు. పోతనగా వేసింది నాగయ్యగారు. నాగలి పట్టి బతికే ఆ కవి, భాగవతాన్ని రాజుకు అంకితమివ్వనంటాడు. అది చూసిన ఇల్లాలికి బియ్యం ధరేం తగ్గి ఉండదు. కానీ లేమిలోనూ తల వంచకుండా బతకొచ్చన్న ధైర్యం దొరికి ఉంటుంది.

అది ఒట్టి తెరమీది మాటా? ఆ 1940ల్లోనే మా పాలకుర్తిలో చాకలి ఐలమ్మ, తన పంటను విసునూరు దేశ్‌ముఖ్ పట్టుకుపోబోతే ఎదురు నిలిచింది. అలాంటివాళ్ళు లోకంలో ఉన్నారు కనకనే తెరమీద చూసి నమ్ముతాం.

కష్టాన్ని మరిపించే సినిమా ఆ రాత్రికి నిద్ర పట్టిస్తుంది. కష్టంలో మనిషి ఎలా నిలబడ్డాడో చూపించేది మర్నాడు పొయ్యి వెలిగించేటప్పుడు కూడా తోడుంటుంది. రెండూ కావాల్సిందే. ఒక్క టికెట్టుకే డబ్బులుంటే మాత్రం నేను రెండోదానికే వెళతాను.

మరి మీరో?